సెకనులో పదో వంతు

టోక్యో ఒలింపిక్స్ 200 మీటర్ల బటర్‌ఫ్లైలో సజన్ ప్రకాశ్‌ది 24వ స్థానం. హీట్స్‌లోనే ఇంటిముఖం పట్టాడని రెండు ముక్కల్లో తేల్చేసి పేజీ తిప్పేశాం. అంతకు నెల ముందు, 2021 జూన్ 26న రోమ్‌లో అతను సాధించింది అప్పటిదాకా ఏ భారతీయ ఈతగాడికీ దక్కలేదు. ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత పొందాలంటే 1 నిమిషం 56.48 సెకన్లలో ఈదాలి. సజన్ 1:56.38లో గోడ తాకాడు. వారం ముందు బెల్‌గ్రేడ్‌లో అతని సమయం 1:56.96. 2016లో రియోకు కోటా మీద వెళ్లిన కుర్రాడు ఈసారి ఎవరి దయా లేకుండా వెళ్లాడు.

బటర్‌ఫ్లైలో రెండు చేతులూ ఒకేసారి నీళ్లలోంచి లేవాలి. ఊపిరి కోసం గడ్డం నీటిమీదికి రావాలి, చేతులు ముందుకు పడేలోపు తల మళ్లీ లోపలికి పోవాలి. కొలను నాలుగుసార్లు ఈ చివరి నుంచి ఆ చివరికి ఇదే పని. మూడో మలుపు దాటాక భుజాలు మొరాయిస్తాయి, తుంటి కిందికి జారుతుంది, ప్రతి శ్వాసకూ మెడ మీద భారం పెరుగుతుంది. సజన్‌కు దెబ్బ తగిలింది సరిగ్గా ఆ మెడలోనే. డిస్క్ జారి, చేయి కదపడమే కష్టమైంది. దానికి తోడు కరోనా. థాయ్‌లాండ్‌లో శిక్షణలో ఉండగా కొలనులు మూతపడి నెలల తరబడి అక్కడే చిక్కుకుపోయాడు. తర్వాత దుబాయ్‌లో కోచ్ ప్రదీప్ కుమార్ దగ్గర మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆ మెడతోనే రోమ్‌లో ఈదాడు.

కష్టం అతనికి కొత్త కాదు. తల్లి శాంతిమోల్ పరుగుల క్రీడాకారిణి. నైవేలీ లిగ్నైట్ కార్పొరేషన్‌లో ఉద్యోగం చేస్తూ ఒంటిచేత్తో కొడుకును పెంచింది. 2018 ఆగస్టులో కేరళను వరదలు ముంచెత్తి, ఇడుక్కిలోని బంధువుల కబురు తెలియని రోజుల్లో అతను జకార్తా ఏషియాడ్‌లో ఉన్నాడు. ఇదే ఈవెంట్ ఫైనల్‌లో జాతీయ రికార్డుతో ఐదో స్థానంలో నిలిచాడు. 1986 సియోల్ ఏషియాడ్‌లో ఖజాన్ సింగ్ రజతం గెలిచింది కూడా ఇందులోనే.

ఈ ఈవెంట్‌తో మన తెలుగువాళ్లకూ చుట్టరికం ఉంది. పురుషుల 200 మీటర్ల బటర్‌ఫ్లై ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టింది 1956 మెల్‌బోర్న్‌లో. గుంటూరు జిల్లా నుంచి సైన్యంలోకి వెళ్లిన షంషేర్ ఖాన్ ఆ మొదటి పోటీలోనే ఈదాడు. మన పిల్లల్లో ఎందరికి ఆ పేరు తెలుసు? మనం చెప్తే కదా!

పతకం రాలేదు కాబట్టి పొగడమంటున్నానని అనుకోవద్దు. టోక్యోలో సజన్ 1:57.22లో ఈదాడు, రోమ్ కన్నా 0.84 సెకను ఎక్కువ. విమర్శించాలనుకుంటే ఆ తేడా గురించి అడగాలి. మెడ ఎంత కోలుకుంది, రెండు పోటీల మధ్య నెల రోజుల్లో శిక్షణ ఎలా సాగింది అని అడగాలి. 24 అనే అంకె ఒక్కటే అచ్చువేస్తే ఆ ప్రశ్నలకు చోటే ఉండదు. క్రీడా పేజీలు చూసే మిత్రులకు నా మనవి ఒక్కటే. ఈత ఫలితం వేసినప్పుడు స్థానం పక్కనే సమయం వేయండి, ఈతగాడి సొంత రికార్డు వేయండి, జాతీయ రికార్డు వేయండి. ఒక్క లైను చాలు.