వాన కాదు చంపింది

కోయంబత్తూరు, మదురైల పాత తెలుగువారి మీద మన పత్రికల్లో వచ్చే వ్యాసాలకు ఒక బాణీ కుదిరిపోయింది. మదురై పాలకుడు విశ్వనాథ నాయకుడితో మొదలై, తిరుమల నాయకుడి మహలు చూపించి, నూలు మిల్లులనూ పారిశ్రామికవేత్త జి.డి. నాయుడినీ పొగిడి ముగుస్తాయి. అదే నేల మీద వీధులు ఊడ్చి, తోలు పని చేసి, కూలికి పోయి బతికిన దళితులైన అరుంధతియార్లలో ఎక్కువమంది ఇళ్ళలోనూ తరతరాలుగా తెలుగే. వాళ్ళు ఆ వ్యాసాల్లో ఉండరు. చచ్చిపోయినా ఉండరు.

2019 డిసెంబర్ 2 తెల్లవారుజామున కోయంబత్తూరు జిల్లా మేట్టుపాళయం దగ్గర నడూరులో పక్క ఇంటి 20 అడుగుల ప్రహరీ గోడ, నిద్రలో ఉన్న అరుంధతియార్ల ఇళ్ళ మీద కూలింది. 17 మంది పోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. పోయినవారిలో చదువుకుంటున్న ఒక అమ్మాయి, ఆమె తమ్ముడు ఉన్నారు. ఆ దుఃఖంలోనే తండ్రి ఇద్దరి కళ్ళూ దానం చేశాడు.

"భారీ వర్షానికి ప్రమాదం" అన్నారు. ఇప్పటికీ అదే అంటున్నారు. చదువుకున్నవాళ్ళు ఇంకో మాట చేరుస్తారు: ఎవరి స్థలంలో వాళ్ళు ప్రహరీ కట్టుకుంటారు, దానికి కులం అంటగట్టొద్దు.

యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ 1945 తొలి నెలల్లో నాజీల బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో పదిహేనేళ్ళకే టైఫస్ జ్వరంతో పోయిందంటారు. ఆమెను జ్వరం చంపిందని ఎవరైనా ఒప్పుకుంటారా? ఆ జ్వరం నోటికి ఆమెను అందించిందెవరని అడుగుతాం. ఒక రాజ్యం 60 లక్షలమంది యూదులను తుదముట్టించిన ఘోరం, నడూరు గోడ ఒకే కొలతవి కావు. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకటే. అక్కడ అంత స్పష్టంగా అడిగే మనం ఇక్కడ వాన దగ్గరే ఎందుకు ఆగిపోతున్నాం?

వాన గోడకు ఇవతలా అవతలా ఒకేలా కురిసింది. శవాలు మాత్రం ఒకే వైపు లేచాయి. పడిపోయేలా ఉందని ముందే మొరపెట్టుకున్నామని కాలనీవాళ్ళు చెప్పారు. తాము కంటబడకూడదనే అంత ఎత్తు కట్టారని కూడా అన్నారు. నేను వాళ్ళనే నమ్ముతాను. న్యాయం అడిగిన బంధువుల మీద, వారికి తోడు నిలిచినవారి మీద పోలీసులు లాఠీలు ఝళిపించారు. పరిహారం 4 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. గోడ యజమానిని అరెస్టు చేశారు. తప్పంతా వానదే అయితే ఆ అరెస్టు దేనికి?

గోడకు కులం ఉండదనేవారు మదురై జిల్లా ఉత్తపురం సంగతి తెలుసుకోవాలి. దళితుల దారికి అడ్డంగా 1989లో లేచిన గోడలో కొంత భాగాన్ని 2008 మే 6న అధికారులు కూల్చారు. అందుకు నిరసనగా అగ్రకులాలవాళ్ళు ఊరొదిలి కొండ పక్కన మకాం పెట్టారు. ఒట్టి ఇటుకల కోసం ఎవరైనా ఊరొదులుతారా?

పోయినవాళ్ళను మరవకుండా ఉండేందుకు జర్మనీలో గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు, నాజీలు బలిగొన్నవారు నివసించిన ఇళ్ళ ముందు, వాళ్ళ పేరూ పుట్టిన ఏడూ చెక్కిన చిన్న ఇత్తడి పలకలు కాలిబాటలో పాతుతూ వచ్చాడు. తమిళనాట తెలుగు వైభవం మీద సభలు చేసేవారు అటువంటివి 17 నడూరులో పాతించాలి, తెలుగులోనూ తమిళంలోనూ. మొదటిది ఆ చదువుకునే అమ్మాయి పేరిట.