కింద పడ్డ బంతి సంగతి

మూడు బంతులు ఒకదాని వెనక ఒకటి గాల్లోకి ఎగరేస్తూ, ఏదీ కింద పడకుండా పట్టుకోవడాన్ని జగ్లింగ్ అంటారు. సర్కస్‌లో చూసి చప్పట్లు కొడతాం. గల్ఫ్ లేబర్ క్యాంపుల్లో ఈ విద్య రానివాడు ఒక్కడుంటే చూపించండి! ఒక చేతిలో వీసా కోసం చేసిన అప్పు, ఇంకో చేతిలో చెల్లెలి పెళ్లి, గాల్లో పిల్లల ఫీజులు. ఇవి చాలవన్నట్టు, ఇంటికి స్లాబు వేద్దామని నాన్న ఫోను. అదిగో నాలుగో బంతి!

ఈ ఆటకు లెక్క కూడా ఉందండోయ్. క్లాడ్ షానన్ అనే అమెరికా శాస్త్రవేత్త జగ్లింగ్‌కు ఒక సూత్రమే కట్టాడు. దాని సారం ఇది: బంతులు పెరిగేకొద్దీ మరింత ఎత్తుకు విసరాలి, లేదా చేతిలోంచి త్వరగా వదిలెయ్యాలి. డిప్లొమా చదువుతో నాకిది అర్థమయ్యేది కాదేమో గానీ, జీతం వల్ల చప్పున అర్థమైంది. ఒకటో తారీఖున వస్తుంది, రెండో తారీఖుకి ఎక్స్‌ఛేంజి కౌంటరు దాటేస్తుంది. చేతిలో నిలిచే సమయం దాదాపు సున్నా.

ఈ విద్యతోనే పరాయి దేశంలో పొట్టపోసుకున్న మన దేశస్థుడు ఒకాయన ఉన్నాడు. పేరు రామో సామీ. రామస్వామిని ఇంగ్లీషువాళ్లు అలా పిలిచారంటారు. రెండొందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఈయన ఆటకు జనం విరగబడేవారు. కానీ 1850లో చనిపోయినప్పుడు అంత్యక్రియల ఖర్చుకు భార్య నలుగురి సాయం అడగాల్సి వచ్చింది. అన్ని బంతులు తిప్పినవాడి చేతిలో చివరికి ఏమీ మిగల్లేదు.

అందుకే అసలు మాట చెబుతున్నా. జగ్లింగ్‌లో బంతి పడటం నామోషీ కాదు. ఆరితేరినవాళ్లకూ పడుతుంది. ఓ జోకు వేసి, వంగి తీసుకుని, మళ్లీ మొదలెడతారు. మనవాళ్లు అలా కాదు. ఓవర్‌టైమ్ ఆగినా, రెండు నెలల జీతం రాకపోయినా ఇంటికి "అంతా బాగానే ఉంది" అంటారు. పడ్డ బంతిని మంచం కిందకి తన్నేసి, రూమ్మేటు దగ్గర అప్పు తెచ్చి గాల్లోకి ఎగరేస్తారు. ఇంట్లోవాళ్లకు అన్నీ గాల్లోనే కనిపిస్తుంటే ఇంకోటి విసరరా మరి? వాళ్లను ఏమనగలం? వాళ్లకు తెలిస్తే కదా!

ఇద్దరు ఎదురెదురుగా నిలబడి బంతులు మార్చుకునే ఆట కూడా జగ్లింగ్‌లో ఉంది. ఎదుటివాడి చెయ్యి ఖాళీగా ఉందో లేదో చూసుకుని విసరాలి. మన ఇంటి ఆట కూడా అలాగే ఆడాలి. ఈసారి సెలవు రోజున ఫోను చేసినప్పుడు, వచ్చేదెంతో, ఉన్న అప్పెంతో ఇంటావిడకు ఉన్నదున్నట్టు చెప్పండి. అక్కడ అత్తమామల మందులు, పిల్లల బడి, పొలం పని ఒంటిచేత్తో తిప్పుతున్న మనిషి ఆమె. ఈ ఆట ఆమెకు కొత్త కాదు.

ఇక స్లాబంటారా, వచ్చే ఏడాది వేసినా అది అంతే గట్టిగా ఉంటుంది. సైటు సూపర్‌వైజర్‌గా ఆ గ్యారంటీ నాది.