హెలికాప్టర్ కింద ఎవరున్నారు?

2017 మే 25న మహారాష్ట్రలోని నిలంగాలో అప్పటి ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ ఎక్కిన హెలికాప్టర్ గాల్లోకి లేచిన కాసేపటికే కరెంటు తీగలకు చిక్కి ఇళ్ల పక్కనే కూలింది. లోపలున్నవాళ్లు బతికి బయటపడ్డారు. ఆ ఇళ్లవాళ్ల గురించి ఆరా తీసినవాళ్లు తక్కువ.

జనావాసాల మీదుగా ఎగిరేటప్పుడు 600 మీటర్ల పరిధిలో అన్నింటికన్నా ఎత్తైన కట్టడం కంటే కనీసం 300 మీటర్ల పైన ఉండాలన్నది అంతర్జాతీయ నియమం. మనదీ అదే. దిగేటప్పుడూ లేచేటప్పుడూ మాత్రం మినహాయింపు. అది తప్పదు కూడా. అందుకే ఆ కాసేపట్లో భద్రత అంతా ఎంచుకున్న స్థలం మీద, ఇంజిన్ల సత్తా మీద ఆధారపడుతుంది. రెండు ఇంజిన్లున్నా సరిపోదు. ఒకటి ఆగితే రెండోదాని బలంతోనే పైకి పోగలగాలి, లేదా క్షేమంగా దిగగలగాలి. బరువు ఎక్కువై, ఎండ మండుతుంటే ఆ సత్తా తగ్గుతుంది. మన ఎన్నికల ప్రచారం సాగేది ఎక్కువగా ఎండల్లోనే.

అసలు లోపం నేల మీద ఉంది. కాలేజీ మైదానంలో సున్నంతో ‘హెచ్’ గీస్తారు, దుమ్ము లేవకుండా ట్యాంకర్లతో నీళ్లు కొడతారు, చుట్టూ కర్రలు కడతారు. ఫైరింజన్ వస్తుంది. కర్రల అవతల రేకుల ఇళ్లు, తోపుడు బళ్లు, గోడలెక్కిన పిల్లలు ఎవరి లెక్కలోనూ ఉండరు. 2025 ఏప్రిల్‌లో శ్రీసత్యసాయి జిల్లా పాపిరెడ్డిపల్లెలో మాజీ ముఖ్యమంత్రి జగన్ వచ్చిన హెలికాప్టర్‌ను జనం చుట్టుముట్టారు. దాని అద్దం దెబ్బతింది. తప్పు పోలీసులదా, పార్టీదా అని రాజకీయులు వాదించుకున్నారు. తిరిగే రెక్కల దగ్గరికి అంతమంది ఎలా చేరగలిగారన్న ప్రశ్న వెనకబడింది.

2022 మార్చిలో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో ఓ ఆస్పత్రి హెలిప్యాడ్‌పై భారీ రెస్క్యూ హెలికాప్టర్ దిగుతుంటే, రెక్కల గాలి తోపుకు పక్కనున్న కారు పార్కింగ్‌లో 87 ఏళ్ల వృద్ధురాలు పడిపోయి చనిపోయారు. హెలికాప్టర్‌కు ఏమీ కాలేదు. ఆమె ఉన్నది హెలిప్యాడ్ హద్దుకు బయట. శాశ్వత హెలిప్యాడ్ దగ్గరే ఇలా జరిగితే, పూటకోసం గీసిన ‘హెచ్’ సంగతి చెప్పాలా?

రోగి ప్రాణం కోసమైతే ఊరి మధ్య దిగడానికి కొంత ముప్పును ఒప్పుకోవచ్చు. సభకైతే ఒప్పుకోకూడదు. తాత్కాలిక హెలిప్యాడ్ అనుమతిలో రెక్కల గాలి చేరే దూరాన్ని, ఆ హద్దులో ఉండే ఇళ్లను నమోదు చేయాలి. ఆ హద్దును ఖాళీగా ఉంచే బాధ్యత ఏ అధికారిదో పేరుతో సహా రాయాలి. అది కుదరని చోట నాయకులు ఊరవతల పొలంలో దిగి, మిగతా దూరం కారులో వెళ్లాలి.