పుచ్చ వేళ్లకు చలేస్తే...

పక్క చేను కంటే పది రోజులు ముందు కాయ కోస్తే పుచ్చకు పలికే ధరే వేరు. ఆ ఆశతోనే చాలామంది సంక్రాంతికి ముందే నాటేస్తారు. ఖరీదైన హైబ్రిడ్ విత్తనం మరి! తీరా మొలక రెండాకులు వేసి అక్కడే ఆగిపోతుంది. విత్తనం నాసిరకమని ఒకరు, బలం చాల్లేదని ఇంకొకరు. గుప్పెడు యూరియా, పైన మరో తడి. చాలాసార్లు లోపం ఆ రెంటిలోనూ ఉండదు... నేల చల్లగా ఉంటుందంతే.

పుచ్చ పుట్టిల్లు ఆఫ్రికా. నేల 25 నుంచి 30 డిగ్రీలుంటే దాని వేళ్లు చకచకా పాకుతాయి. 15 కంటే తగ్గితే గింజ మొలవడమే కష్టం. కర్బూజదీ ఇదే తీరు. జనవరిలో పొద్దున పదింటికల్లా ఎండ చురుక్కుమంటుంది, ఆకులోంచి నీరు ఆవిరవుతుంది. మట్టిని మాత్రం రాత్రి చలి ఇంకా వదలదు. చల్లబడ్డ వేరు నీటిని సరిగా పీల్చలేదు. అందుకే మొదట్లో తేమ ఉండగానే మొక్క వాడిపోతుంది. అది చూసి మళ్లీ నీరు పెడితే నేల ఆరక, నారుకుళ్లు తోడవుతుంది. వేసిన భాస్వరమూ వేరుకు అందదు.

ఉదయం ఏడింటికి నాలుగంగుళాల లోతున మట్టి థర్మామీటరు గుచ్చి చూడటం మేలు. మూడు నాలుగు రోజులు వరుసగా 18 డిగ్రీలు దాటితే గింజ వేసుకోవచ్చు. అంతవరకూ ఆగలేనివారికి నల్ల మల్చింగ్ షీటు ఉంది. బోదె మీద బిగుతుగా, మట్టిని అంటిపెట్టుకునేలా పరిస్తే నేల కాస్త వెచ్చబడుతుంది. మధ్యలో గాలి చేరిందా, ఆ లాభం చాలావరకు పోయినట్టే. రంగులేని షీటు ఇంకా వేడినిస్తుంది కానీ దాని కింద కలుపు విరగబడి మొలుస్తుంది. వెండిరంగు షీటు ఎండను తిప్పికొడుతుంది కాబట్టి అది ఫిబ్రవరి చివర్లో నాటేవారికే నప్పుతుంది. అప్పటికి మన దగ్గర వేళ్ల బాధ చలి కాదు, వేడి!

జపాన్ రైతులు ఇంకో దారి పట్టారు. చలినేలను ఓర్చుకునే గుమ్మడి జాతుల వేరు మీద దోస, కర్బూజ అంటు కడతారు.

ప్రోట్రేలలో నారు పెంచేవారికి జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి. గుప్పెడు కూడా లేని కొబ్బరిపొట్టు రాత్రికి ఇట్టే చల్లబడిపోతుంది. మొలక వచ్చేదాకా ట్రేలను ఒకదానిపై ఒకటి పేర్చి ప్లాస్టిక్ పట్టా కప్పాలి. తలలు కనబడగానే విడదీయాలి, ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు పాలిపోయి సాగిపోతాయి. రాత్రంతా తొట్టిలో నిలిచిన నీరు కాకుండా, బోరు నుంచి అప్పుడే వచ్చిన గోరువెచ్చని నీరు ఎండ వచ్చాక చల్లితే చాలు.