ఆ గంట ఆట మా అమ్మాయిలకు ఇప్పించండి

తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డు కార్యదర్శి గారికి,

మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. కాలేజీ అంటే మెయిన్ రోడ్డు మీద నాలుగంతస్తుల భవనం. సెల్లార్‌లో బైకులు, మేడ మీద నీళ్ల ట్యాంకులు. పొద్దున స్టడీ అవర్ నుంచి సాయంత్రం స్లిప్ టెస్టు దాకా బెంచీ మీదే. ఇంటికొస్తే మంచం, ఫోను. నోట్సు కూడా వాట్సాప్‌లోనే పంపుతారు కనుక, ఫోను లాక్కోమని దయచేసి చెప్పకండి.

రీల్స్‌లో ఫిల్టర్ పెట్టిన ముఖాలు చూసి తన రంగునీ నడుమునీ తిట్టుకుంటోంది. బడిలో ఖోఖో ఆడిన రోజుల్లో ఆ ఊసే లేదు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 2016 నాటి అంచనా ప్రకారం ప్రపంచంలో 11–17 ఏళ్ల అమ్మాయిల్లో 85 శాతం మందికి అది అందలేదు. అబ్బాయిల్లో 78 శాతం. అబ్బాయిలకు గల్లీ క్రికెట్టయినా ఉంది. అమ్మాయి గడప దాటితే ఎక్కడికని అడిగేది మనమే.

కాలేజీల గుర్తింపు పునరుద్ధరించే ముందు ఆటస్థలాన్ని స్వయంగా వచ్చి చూడండి. ఆటస్థలం లేని కాలేజీ, దగ్గర్లోని మైదానాన్ని అద్దెకు తీసుకోవాలి. అమ్మాయిలకు రోజూ గంట ఆట, మహిళా ఫిజికల్ డైరెక్టర్ తప్పనిసరి చేయండి. ఆ గంటను లెక్కల క్లాసుగా మార్చే యాజమాన్యాలకు నోటీసులివ్వండి. వచ్చే ఏడాది ప్రవేశాలకు ముందే ఈ ఉత్తర్వు రావాలని కోరుతున్నాను.

– ఒక విద్యార్థిని తల్లి