ఇల్లు బాగుచేసి చూడు!

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, ఇల్లు బాగుచేసి చూడు అని ఎందుకనలేదో! రేపల్లెలోని మా తాతగారి పెంకుటింటిని పడగొట్టేయమని బంధువులందరూ అన్నారు. నేను వినలేదు. తెనాలి నుండి వచ్చిన మేస్త్రీగారు వ్రాసిచ్చిన అంచనాలో పాలరాయి ఉంది, రంగులున్నాయి. పునాది ఊసు మాత్రం లేదు.

మాది డెల్టా నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. గోడ పెచ్చు ఊడదీయగానే పునాది నుండి పైకి ప్రాకిన పగులు బయటపడింది. దాచుకున్న సొమ్ములో సగం దానికే సరి! బాపట్లలో అన్నయ్యగారిది ఇసుకనేల. అక్కడి శత్రువు ఉప్పుగాలి. శ్లాబులోని ఇనుమును తినేస్తుంది. కనుక ఒక ఊరి అంచనా మరొక ఊరికి పనికిరాదు.

2025 సెప్టెంబరు 22 నుండి సిమెంటుపై జీఎస్టీ 28 శాతం నుండి 18కి తగ్గినందుకు సంతోషించాను. తీరా చూస్తే, నా లెక్కలో సిమెంటు కన్నా కూలీయే ఎక్కువ.

నా అభిప్రాయం ఇది: ముందు పునాది, పైకప్పు, నీటిగొట్టాలు, కరెంటు తీగలు, అందం ఆ తరువాతే. పైగా నాలుగో వంతు సొమ్ము మేస్త్రీకి కూడా చెప్పకుండా ప్రక్కన పెట్టుకోవాలి.

పాలరాయి వాయిదా పడింది. అమ్మ మాత్రం పాత ఎర్రగచ్చు మీద చేరగిలబడి, "ఇదే చల్లగా ఉందిరా" అంది. మీరేమంటారు?