వయసు కాదు, బాకీ చూడండి

టీ కొట్టు దగ్గర దళితుడికి వేరే గ్లాసు పెట్టిన పల్లెల్లోనే, ప్రభురాత్రి భోజనం వేళ అందరూ ఒకే బల్ల ముందు మోకరించి ఒకే గిన్నెలోని ద్రాక్షారసం పుచ్చుకోవాలని చర్చి అడిగింది. రెండు వేల ఏళ్ల నాటి మతం, దానికి కాలం చెల్లిందనేవాళ్లకు నా జవాబు ఆ గిన్నే. ఎంగిలికి, అంటుకు భయపడే సమాజంలో సమానత్వాన్ని ఉపన్యాసంగా కాక పెదవులకు తగిలేలా అందించడం చిన్న సంగతి కాదు. 1912లో దోర్నకల్ బిషప్పైన అజరయ్య, ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడు. బాప్తిస్మం తీసుకున్నాక కూడా మాల, మాదిగ తేడాలు పాటించడం కుదరదని ఆయన పట్టుబట్టారు. ఆ పట్టుదల అవసరం నేటికీ తీరలేదు. ఆదివారం పక్కపక్కన కూర్చుని పాడినవాళ్లే సోమవారం పెళ్లి సంబంధం మాట దగ్గర కులం అడుగుతున్నారు. అది బోధ పాతబడ్డందుకు కాదు, మనం దాని దాకా ఎదగనందుకు. వయసు మీరిందని బోధను పక్కన పెట్టే ముందు, అది కోరిన సమానత్వం మన ఊళ్లో ఎవరికి దక్కిందో, ఎవరికి ఇంకా బాకీ ఉందో లెక్క చెప్పాలి.